బిడ్ మేనేజర్: పని స్వభావం, నియామకంలో చిక్కులు

ఒక సంస్థ తరఫున టెండర్‌కు వెళ్లే ప్రతిపాదనను మొదటి నుంచి చివరి వరకు నడిపించే ఉద్యోగిని బిడ్ మేనేజర్ అంటారు. టెండర్ ప్రకటన కంటపడిన రోజు నుంచే ఈ పని మొదలవుతుంది. పోటీలో దిగాలా వద్దా అన్నది తేల్చాలి, షెడ్యూలులోని నిబంధనలను విప్పి చూడాలి. ఇంజినీర్లు, ఆర్థిక విభాగం, న్యాయ సలహాదారులు, బ్యాంకు, భాగస్వామ్య కంపెనీల నుంచి కావలసినవి రాబట్టాలి. జవాబు రాయించి, గడువులోపు దాఖలు చేయించి, ఆ తర్వాత కొనుగోలుదారు అడిగే వివరణలకు సమాధానాలు పంపాలి. అంచనా కట్టేది బిడ్ మేనేజర్ కాదు, ధర ఖాయం చేసేది యాజమాన్యం, సంతకం పెట్టేది అధీకృత ప్రతినిధి. అయినా ఒక్క ధ్రువపత్రం తగ్గి బిడ్ తిరస్కరణకు గురైతే సంజాయిషీ మొదట బిడ్ మేనేజర్‌నే అడుగుతారు. చేతిలో అధికారం కొద్దిగా, నెత్తిన బాధ్యత దండిగా ఉండే ఈ అమరికే ఉద్యోగాన్ని కష్టం చేస్తుంది. తగిన మనిషిని వెతకడం కష్టమయ్యేదీ దానివల్లే.

పుట్టుక, విస్తరణ

ప్రభుత్వాలు పోటీ పద్ధతిలో కొనడం పాత సంగతే. బిడ్ తయారీ విడిగా ఒక వృత్తి కావడం మాత్రం ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో, ముఖ్యంగా అమెరికా రక్షణ, అంతరిక్ష కొనుగోళ్ల చుట్టూ జరిగింది. వేల పేజీల ప్రతిపాదనలను పదుల సంఖ్యలో ఇంజినీర్లు రాస్తున్నప్పుడు, వాటన్నిటినీ ఒకే గొంతుతో పలికించే మనిషి అవసరమయ్యాడు. 1972లో మొదలైన షిప్లీ అసోసియేట్స్ ఈ పనిలో శిక్షణనే వ్యాపారంగా మలుచుకుంది. 1989లో ఏపీఎంపీ అనే వృత్తి సంఘం ఏర్పడింది. అది ఫౌండేషన్, ప్రాక్టీషనర్, ప్రొఫెషనల్ స్థాయుల్లో ధ్రువపత్రాలు ఇస్తుంది. బ్రిటన్‌లో ప్రభుత్వ సేవలను ప్రైవేటు కంపెనీలకు పెద్దయెత్తున అప్పగించడం మొదలయ్యాక నిర్మాణం, రైల్వే, ఐటీ, ఆరోగ్య సేవలు అన్నింటిలోనూ బిడ్ మేనేజర్ కొలువు స్థిరపడింది.

భారతదేశంలో ఈ కొలువు ఎదిగిన తీరు వేరు. గుత్తేదారుల లోకంలో చాలాకాలం టెండర్ పని అంటే షెడ్యూలు కొని, డీడీ తీసి, సీలు వేసిన కవరును కార్యాలయంలోని పెట్టెలో వేసి రావడమే. అసలు కథ పెట్టె బయట నడిచేది. కాంట్రాక్టర్లు రింగై పనులు పంచుకోవడం, రింగులో చేరనివారిని కార్యాలయం మెట్లే ఎక్కనివ్వకపోవడం తెలుగు జిల్లాల్లో అందరికీ తెలిసిన సంగతులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదికను ప్రారంభించింది. దేశంలో ఈ దారి తొక్కిన తొలి రాష్ట్రాల్లో ఇదొకటి. తర్వాత కేంద్రానికి సెంట్రల్ పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్, 2016లో ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ వేదిక జెమ్ వచ్చాయి. రింగులు పూర్తిగా మాయమయ్యాయని ఎవరూ అనరు. కానీ ఎక్కడి నుంచి ఎవరైనా బిడ్ వేయగలిగే రోజు వచ్చాక, పోటీలో కొంత భాగం కార్యాలయం మెట్ల మీది నుంచి కాగితాల లోపలికి చేరింది. కాగితాలు బాగా చదవగలిగినవారికి విలువ పెరిగింది.

భారతీయ టెండర్‌లో రోజువారీ పని

పెద్ద పనుల టెండర్లు సాధారణంగా రెండు కవర్లుగా ఉంటాయి. మొదటిది అర్హత, సాంకేతిక వివరాలది. రెండోది ధరది. మొదటిది గట్టెక్కితేనే రెండోది తెరుస్తారు. మొదటి కవరులో సంస్థ నమోదు పత్రాలు, గత సంవత్సరాల టర్నోవరుపై చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరణ, ఇలాంటి పనులు పూర్తిచేసినట్టు పాత యజమానులు ఇచ్చిన అనుభవ ధ్రువపత్రాలు, యంత్రాల జాబితా, కీలక సిబ్బంది బయోడేటాలు, బ్యాంకు సాల్వెన్సీ పత్రం, జాయింట్ వెంచర్ అయితే ఆ ఒప్పందం ఉంటాయి. అకౌంటెంట్ ధ్రువపత్రానికి 2019 నుంచి యూడీఐఎన్ అనే విశిష్ట సంఖ్య తప్పనిసరి. ఆ సంఖ్య లేని ధ్రువపత్రం చిక్కు తెస్తుంది. ధరావతు సొమ్ము కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళి 2017 ప్రకారం అంచనా విలువలో 2 నుంచి 5 శాతం ఉంటుంది. వస్తువులు, సేవల టెండర్లలో సూక్ష్మ, చిన్న తరహా సంస్థలకు దీనినుంచి మినహాయింపు ఉంది.

ఇవన్నీ చిల్లర పనుల్లా కనిపిస్తాయి. వీటిలో ఒక్కోటి ఒక్కో విభాగం చేతిలో ఉంటుంది. బిడ్ సామర్థ్యం లెక్కనే చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్ పనుల టెండర్లలో చాలాకాలంగా వాడుతున్న సూత్రం 2ఏఎన్-బీ. ఏ అంటే గత ఐదేళ్లలో ఏదైనా ఒక ఏడాది సంస్థ చేసిన అత్యధిక పని విలువ. ఎన్ అంటే ఇప్పటి పనికి ఇచ్చిన గడువు, ఏళ్లలో. బీ అంటే అదే గడువులో పూర్తిచేయాల్సి ఉన్న చేతిలోని పనుల విలువ. ఒక సంస్థకు ఏ 100 కోట్లు, గడువు రెండేళ్లు, చేతిలోని పనులు 250 కోట్లు అయితే సామర్థ్యం 150 కోట్లు. 160 కోట్ల పనికి ఆ సంస్థ అర్హం కాదు. ఇందులో మొదటి అంకె ఆర్థిక విభాగం దగ్గర ఉంటుంది. చివరిది సైట్లలో తిరిగే ప్రాజెక్టు మేనేజర్లకు మాత్రమే సరిగ్గా తెలుస్తుంది. వాళ్లు బిడ్ మేనేజర్ కింద పనిచేసేవాళ్లు కారు, వాళ్లకు టెండర్ కన్నా సైట్లో సిమెంటు వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం. అడిగి, మళ్లీ అడిగి, అవసరమైతే వాళ్ల పై అధికారితో చెప్పించి ఆ అంకె రాబట్టడమే ఈ ఉద్యోగంలో సగం.

ప్రకటన వెలువడ్డాక గడువు పొడిగిస్తూ, నిబంధనలు మారుస్తూ సవరణలు వస్తూనే ఉంటాయి. చివరి సవరణను గమనించక పాత ధరల పట్టికనే నింపి పంపడం టెండర్ విభాగాల్లో పదేపదే వినిపించే పొరపాటు. డిజిటల్ సంతకం గడువు తీరిపోవడం, ఆఖరి గంటలో ఫైలు అప్‌లోడ్ కాకపోవడం అలాంటివే. అంకెల్లో రాసిన మొత్తానికీ అక్షరాల్లో రాసిన దానికీ తేడా వస్తే సాధారణంగా అక్షరాల్లో ఉన్నదే చెల్లుతుంది. యూనిట్ రేటుకూ మొత్తానికీ పొంతన కుదరకపోతే యూనిట్ రేటే నిలుస్తుంది. ఈ రెండు నియమాలు తెలియనివారి చేతిలో ధరల పట్టిక పెట్టడం ప్రమాదం.

ప్రీ-బిడ్ సమావేశం ఇంకో మెట్టు. అక్కడ అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబును కొనుగోలుదారు అందరికీ ప్రకటిస్తాడు. అంటే ప్రశ్న అడగడమంటే పోటీదారులకు తన ఆలోచన కొంత చెప్పేయడమే. అడగకుండా ఊరుకుంటే అస్పష్టమైన నిబంధన నష్టం తానే మోయాలి. ఏది అడగాలి, ఏది మింగాలి అన్న నిర్ణయం అనుభవం మీదే వస్తుంది, ఏ నియమావళిలోనూ ఉండదు.

వేయాలా, మానాలా

బిడ్ తయారీలో అన్నిటికన్నా ఖరీదైన నిర్ణయం మొట్టమొదటిదే. బిడ్ వేయడానికే డబ్బు ఖర్చవుతుంది, ఓడితే అది తిరిగి రాదు. 2012లో బ్రిటన్ రవాణా శాఖ వెస్ట్ కోస్ట్ రైల్వే ఫ్రాంచైజీ పోటీని తన లెక్కల్లో తప్పులు బయటపడి రద్దు చేసుకున్నప్పుడు, పాల్గొన్న నాలుగు సంస్థలకు బిడ్ ఖర్చులు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. ఆ మొత్తం సుమారు 4 కోట్ల పౌండ్లు. నాలుగు కాగితాల కట్టలకు అయిన ఖర్చది. అందుకే మంచి బిడ్ మేనేజర్ సేవల్లో మొదటిది వద్దని చెప్పడం. అర్హత అంచుల్లో ఉన్న టెండర్‌కూ, పాత గుత్తేదారుకే పోయేలా కనిపిస్తున్న టెండర్‌కూ నెలరోజుల పాటు పదిమందిని కూర్చోబెట్టకుండా ఆపడం. ఈ సేవ లెక్కల్లో కనిపించదు, దానికి ఎవరూ బోనస్ ఇవ్వరు.

గెలిచి నష్టపోవడం అంతకన్నా పెద్ద ముప్పు. 1971లో అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ కంపెనీ ఇంజినీర్లు కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ సముద్రగర్భ చమురు లీజుల వేలాన్ని పరిశీలించి ఒక వ్యాసం రాశారు. పోటీలో గెలిచేది తరచుగా చమురు నిల్వను అందరికన్నా ఎక్కువగా ఊహించుకున్న సంస్థే కాబట్టి, గెలుపే నష్టానికి సూచన కావచ్చని వారు చూపారు. ఆర్థికశాస్త్రం దీన్ని విజేత శాపం అంటుంది.

తెలుగు నేల మీద దీనికి ఉదాహరణలు దగ్గర్లోనే ఉన్నాయి. 2008లో హైదరాబాద్ మెట్రో టెండర్‌లో మిగతా సంస్థలు ప్రభుత్వ సాయం అడుగుతుంటే, మేటాస్ నాయకత్వంలోని బృందం ఎదురు తానే ప్రభుత్వానికి 35 ఏళ్లలో 30,311 కోట్ల రూపాయలు చెల్లిస్తానంది. మెట్రో చుట్టూ దక్కే స్థలాల అభివృద్ధి మీద పెట్టుకున్న ఆశే ఆ అంకెకు ఆధారమన్న విమర్శలు అప్పుడే వచ్చాయి. ఢిల్లీ మెట్రో సారథి శ్రీధరన్ కూడా ఆ పద్ధతిని తప్పుపట్టారు. 2009లో దాని సోదర సంస్థ సత్యం కుంభకోణం బయటపడ్డాక మేటాస్ నిధులు కూడగట్టలేకపోయింది, ఒప్పందం రద్దయింది. 2010లో మళ్లీ టెండర్ పిలిస్తే 1,458 కోట్ల ప్రభుత్వ సాయం కోరిన ఎల్ అండ్ టీకి పని దక్కింది. ఒకే పనికి రెండేళ్ల తేడాలో వచ్చిన ఈ రెండు బిడ్లను పక్కపక్కన పెట్టి చూస్తే, అంకె వెనక ఏ ఊహలున్నాయన్న ప్రశ్న ఎంత బరువైనదో అర్థమవుతుంది.

కృష్ణపట్నం అల్ట్రా మెగా విద్యుత్ ప్రాజెక్టును 2007లో రిలయన్స్ పవర్ యూనిట్ 2.33 రూపాయల సగటు ధరకు గెలుచుకుంది. దాని బొగ్గు ఇండోనేసియా నుంచి రావాలి. 2010లో ఆ దేశం ఎగుమతి బొగ్గును అంతర్జాతీయ ధరలకు ముడిపెడుతూ నిబంధనలు మార్చింది, ప్రాజెక్టు ఆగిపోయింది. అదే కారణంతో నష్టపోయిన గుజరాత్‌లోని ముంద్రా విద్యుత్ ప్రాజెక్టుల వివాదంలో సుప్రీంకోర్టు 2017లో తీర్పునిచ్చింది. విదేశంలో చట్టం మారి బొగ్గు ధర పెరగడం విద్యుత్ కొనుగోలు ఒప్పందంలోని చట్ట మార్పు నిబంధన కిందికీ, అనివార్య పరిస్థితుల నిబంధన కిందికీ రాదని చెప్పింది. ఒప్పందం ముసాయిదాలో ఏ నష్టం ఎవరి నెత్తిన పడుతుందో టెండర్ దశలోనే చదివి యాజమాన్యం ముందు పెట్టడం బిడ్ మేనేజర్ పని. విన్నాక యాజమాన్యం ఏం చేస్తుందన్నది వేరే సంగతి.

రచన, సమీక్షలు, మార్కులు

టెండర్ పత్రంలోని ప్రతి షరతునూ ఒక వరుసగా రాసుకుని, దానికి జవాబు ఏ పేజీలో ఉంది, ఎవరు రాస్తున్నారు, ఎప్పటికి ఇస్తారు అని చూపే పట్టిక ఈ వృత్తిలో ప్రాథమిక సాధనం. అమెరికా రక్షణ పరిశ్రమ నుంచి వచ్చిన రంగుల సమీక్షలు ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల్లోనూ వాడుకలో ఉన్నాయి. పింక్ సమీక్షలో తొలి ముసాయిదా దిశ చూస్తారు. రెడ్ సమీక్షలో, రాతలో పాల్గొనని అనుభవజ్ఞులు కొనుగోలుదారు కళ్లతో చదివి మార్కులు వేస్తారు. గోల్డ్ సమీక్షలో యాజమాన్యం ధరతో సహా ఆమోదిస్తుంది. కాగితం మీద చక్కగా ఉండే ఈ వరుస ఆచరణలో తరచూ కుప్పకూలుతుంది. రెడ్ సమీక్ష గడువుకు ఒకరోజు ముందు జరిగి, చెప్పిన మార్పులు చేయడానికి రాత్రి ఒక్కటే మిగలడం మామూలే.

రాతకు ఎంత విలువ ఉంటుందన్నది మూల్యాంకన పద్ధతిని బట్టి మారుతుంది. తక్కువ ధర వేసినవారికే, అంటే ఎల్1కే, పని ఇచ్చే చోట సాంకేతిక కవరు గట్టెక్కితే చాలు. నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులేసే క్యూసీబీఎస్‌లో అలా కాదు. రెండు సంస్థలను ఊహించుకుంటే తేడా తెలుస్తుంది. ఒకదానికి సాంకేతిక మార్కులు 80, ధర కోటి రూపాయలు. రెండోదానికి 90, ధర కోటీ ఇరవై లక్షలు. సాంకేతికతకు 80, ధరకు 20 శాతం బరువు ఇస్తే మొదటిదానికి 84, రెండోదానికి 88.67 వస్తాయి. ఖరీదైన సంస్థే గెలుస్తుంది. బరువు 30, 70గా తిప్పితే మొదటిదానికి 94, రెండోదానికి 85.33. కన్సల్టెన్సీ సేవలకు నియమావళి 80 శాతం దాకా నాణ్యత బరువును అనుమతిస్తుంది. పనులకూ ఇతర సేవలకూ 2021 అక్టోబరులో కేంద్రం క్యూసీబీఎస్‌ను షరతులతో అనుమతించింది, నాణ్యత బరువుకు 30 శాతం పరిమితి పెట్టింది. బ్రిటన్‌లో 2025 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన ప్రొక్యూర్‌మెంట్ చట్టం అత్యంత ప్రయోజనకరమైన టెండర్‌ను ఎంచుకోమంటుంది. ధరకు మించిన లెక్కలకు అక్కడ చోటెక్కువ, కాబట్టి రాసేవారికి గిరాకీ కూడా ఎక్కువ.

సాంకేతిక మార్కులు మొత్తం ఫలితాన్నే తిప్పేసిన ఘట్టం 2006 నాటి ఢిల్లీ, ముంబై విమానాశ్రయాల బిడ్డింగ్. అర్హతకు 80 శాతం మార్కులు గీతగా పెట్టారు. తొలి మూల్యాంకనంపై అభ్యంతరాలు రావడంతో శ్రీధరన్ నాయకత్వంలోని బృందం మార్కులను మళ్లీ పరిశీలించింది. చివరికి గీత దాటింది రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ బృందం ఒక్కటే. అది ఢిల్లీని ఎంచుకుని, వచ్చిన అత్యధిక ఆదాయ వాటా 45.99 శాతానికి సరితూగింది. ముంబై 38.7 శాతం వాటాతో మరో తెలుగు సంస్థ జీవీకేకు దక్కింది. ఓడిన రిలయన్స్ బృందం కోర్టుకెక్కినా 2006 నవంబరులో సుప్రీంకోర్టు దాని వాదనను తోసిపుచ్చింది. నిర్ణయం జరిగిన తీరునే తప్ప నిర్ణయం మంచిచెడులను కోర్టులు తూచవని టాటా సెల్యులార్ కేసులో 1994లోనే తేలింది. కాబట్టి టెండర్‌లో పోగొట్టుకున్న మార్కులను కోర్టులో సంపాదించుకోవడం అరుదు.

నియామకం ఎందుకు కష్టం

మొదటి చిక్కు, ఈ ఉద్యోగానికి ఫలానా చదువంటూ లేదు. సివిల్ ఇంజినీర్లు, ఎంబీఏలు, సాంకేతిక రచయితలు, న్యాయ పట్టభద్రులు, టెండర్ గుమాస్తాలుగా మొదలైనవారు అందరూ ఇందులో ఉన్నారు. ఎక్కువమంది కోరుకుని వచ్చినవారు కారు. ఎప్పుడో ఒక టెండర్‌లో చేయి వేసి, బాగా చేశారని తర్వాతి దానికీ పిలిస్తే అక్కడే ఉండిపోయినవారు. పైగా పేర్లు గందరగోళం. నిర్మాణ సంస్థల్లో టెండరింగ్ మేనేజర్, ఐటీలో ప్రీసేల్స్ లేదా ప్రపోజల్ మేనేజర్, జెమ్ చుట్టూ ఎదిగిన చిన్న కంపెనీల్లో టెండర్ ఎగ్జిక్యూటివ్. అదే పేరుతో ఒకచోట కోట్ల విలువైన బిడ్ వ్యూహం నడిపితే, ఇంకోచోట పోర్టల్‌లో ఫైళ్లు ఎక్కించడం మాత్రమే ఉంటుంది. ప్రకటన చూసి వచ్చే దరఖాస్తుల్లో ఈ రెండు రకాలూ కలిసి వస్తాయి, బయోడేటా మీద తేడా తెలియదు.

రెండోది అన్నిటికన్నా లోతైనది, కొలత. అభ్యర్థులు గెలుపు శాతం చెబుతారు, యాజమాన్యాలు అదే అడుగుతాయి. ఆ అంకె చెప్పేది తక్కువ. పాత గుత్తేదారుగా ఉండి ఒప్పందం పొడిగించుకునే సంస్థలో గెలుపు సులువు, కొత్త రంగంలో అడుగుపెట్టే సంస్థలో కష్టం. ఎల్1 టెండర్‌లో ధర గెలిపించిందా, రాత గెలిపించిందా అని విడదీయడం అసాధ్యం. సులువైన టెండర్లే ఎంచుకుంటే శాతం పెరుగుతుంది, వ్యాపారం పెరగదు. సంఖ్యలో లెక్కించాలా, విలువలో లెక్కించాలా అన్నదాన్ని బట్టి కూడా అదే మనిషి గొప్పవాడో సామాన్యుడో అవుతాడు. అన్నిటికీ మించి, మేటాస్ వేసిన బిడ్ లాంటిది కూడా ఈ లెక్కలో గెలుపే. కాబట్టి తెలివైన నియామకదారులు గెలిచిన వాటికన్నా వద్దనుకున్న టెండర్ల గురించి, ఎందుకు వద్దనుకున్నారన్న దాని గురించి అడుగుతారు. పై అధికారి వేద్దామంటే అభ్యర్థి ఏ ఆధారాలతో వారించాడు, మాట వినకపోతే ఏం చేశాడు అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులు కట్టుకథలుగా చెప్పడం కష్టం.

మూడో చిక్కు, పనితనం చూపించే వీలు లేదు. విలేకరి తన వ్యాసాలు చూపగలడు, వాస్తుశిల్పి కట్టిన భవనాలు చూపగలడు. బిడ్ మేనేజర్ రాయించిన ప్రతిపాదనలు పాత యజమాని రహస్యాలు. ధరలు, భాగస్వాముల షరతులు, పని పద్ధతులు అందులోనే ఉంటాయి. ఇంటర్వ్యూకు పాత బిడ్ పత్రాలు తెచ్చి చూపిన అభ్యర్థి ప్రతిభ కన్నా అతని విశ్వసనీయత మీదే అనుమానం రావాలి, రేపు ఈ సంస్థ పత్రాలూ అలాగే వెళ్తాయి. దీనికి మార్గంగా కొన్ని సంస్థలు ఇప్పటికే బహిరంగంగా ఉన్న ఒక ప్రభుత్వ టెండర్ పత్రాన్ని ఇచ్చి, రెండు గంటల్లో షరతుల పట్టిక వేయమని, ప్రీ-బిడ్‌లో అడగదగిన ప్రశ్నలు రాయమని, ఇందులో పాల్గొనాలో వద్దో ఒక పేజీలో చెప్పమని అడుగుతాయి. పత్రంలో పరస్పరం పొసగని రెండు నిబంధనలు ఉంటే అభ్యర్థి పట్టుకున్నాడా లేదా అన్నది చాలా సంగతులు చెబుతుంది. భాష అందంగా ఉండడం ఇక్కడ రెండో సంగతి.

నాలుగోది రంగపు జ్ఞానం. బిడ్ నడిపే క్రమం అన్ని చోట్లా ఒకటేనని, మంచి మేనేజర్ ఎక్కడైనా నెగ్గుకొస్తాడని ఒక వాదన ఉంది. అందులో సగం నిజముంది. సాగునీటి పనుల టెండర్‌లో అంచనాకు ఎంత లెస్‌కు వేస్తే పని గిట్టుబాటు కాదో, ప్రపంచ బ్యాంకు నిధుల పనిలో నిబంధనలు రాష్ట్ర నిబంధనలకు ఎక్కడ భిన్నమో, బ్రిటన్ ఆసుపత్రి ట్రస్టు ఐటీ కాంట్రాక్టులో డేటా భద్రత షరతులు ఎలా ఉంటాయో ఒకే మనిషికి తెలియడం అసంభవం. రాష్ట్ర విధానాలు కూడా నిలకడగా ఉండవు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో, వచ్చిన ధరను ఎలక్ట్రానిక్ వేలంలో ఇంకా తగ్గించే రివర్స్ టెండరింగ్ వచ్చింది. పోలవరం ప్రధాన పనులను ఆ పద్ధతిలో మళ్లీ పిలిస్తే మేఘా ఇంజినీరింగ్ అంచనా కన్నా 12.6 శాతం తక్కువకు దక్కించుకుంది. ఐదేళ్ల తర్వాత ప్రభుత్వం మారి ఆ పద్ధతి పోయింది. ఎలక్ట్రానిక్ వేలంలో నిమిషాల్లో ధర తగ్గించాల్సిన పోటీలో పనికొచ్చే నైపుణ్యం, మూడొందల పేజీల సాంకేతిక ప్రతిపాదన నడిపించే నైపుణ్యం వేర్వేరు.

ఐదోది మనుషులు నిలవకపోవడం. గడువులు కొనుగోలుదారు చేతిలో ఉంటాయి. పండక్కి ముందు రోజు గడువు పడితే పండగ పోయినట్టే. అమెరికా, బ్రిటన్ ఖాతాదారుల ప్రతిపాదనలు హైదరాబాద్ నుంచి తయారుచేసేవారికి సమీక్షలు రాత్రుళ్లు జరుగుతాయి. గెలిస్తే ఖ్యాతి అమ్మకాల విభాగానిది, ఓడితే రాత బాగాలేదంటారు. అమ్మకాలవారికి గెలిచిన విలువ మీద కమిషన్ ఉంటుంది, బిడ్ విభాగానికి చాలాచోట్ల మామూలు జీతమే. ఐదారేళ్లు గడిచేసరికి మెరికల్లాంటివాళ్లు అమ్మకాలకో, ప్రాజెక్టు నిర్వహణకో మారిపోతారు. అందుకే కిందిస్థాయి అనుభవం ఉన్నవారు సులువుగా దొరుకుతారు, పెద్ద బిడ్‌ను ఒంటిచేత్తో నడపగలవారు దొరకరు. ఐటీ కంపెనీల్లో నోటీసు కాలం తొంభై రోజులుండడం మరో అడ్డంకి. చేతికొచ్చిన టెండర్ గడువు ఆరు వారాలైతే, దానికోసం తీసుకున్న మనిషి గడువు దాటాక చేరతాడు.

పోటీ సంస్థ నుంచి తీసుకుంటే

అనుభవజ్ఞులు పోటీ సంస్థల్లోనే దొరుకుతారు కాబట్టి అక్కడి నుంచే తీసుకోవడం పరిపాటి. చట్టం దీన్ని ఆపదు. భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 27వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగం మానేశాక ఫలానా చోట చేరరాదనే షరతు చెల్లదు. రహస్యాలు బయటపెట్టరాదనే షరతు మాత్రం చెల్లుతుంది. మనిషి రావచ్చు, పత్రాలు రాకూడదు. తలలో ఉన్న అనుభవానికీ ల్యాప్‌టాప్‌లో ఉన్న ధరల పట్టికకూ మధ్య గీత అక్కడే ఉంది.

ఆ గీత దాటితే ఏమవుతుందో బోయింగ్ అనుభవం చెబుతుంది. 1990లలో లాక్‌హీడ్ మార్టిన్ నుంచి బోయింగ్‌లో చేరిన ఒక ఇంజినీరు ద్వారా పోటీదారు రాకెట్ ప్రతిపాదన పత్రాలు బోయింగ్‌కు చేరాయని తేలింది. రాకెట్ ప్రయోగాల కోసం 1998లో జరిగిన పోటీలో బోయింగ్‌కే ఎక్కువ ప్రయోగాలు దక్కాయి. 2003లో అమెరికా వైమానిక దళం బోయింగ్ నుంచి ఏడు ప్రయోగాలు లాగేసి లాక్‌హీడ్‌కు ఇచ్చింది, మూడు బోయింగ్ విభాగాలను కొత్త కాంట్రాక్టులకు దూరం పెట్టింది. అదే ఏడాది వైమానిక దళ కొనుగోళ్లలో ఉన్నతాధికారిగా పనిచేసిన డార్లీన్ డ్రూయన్ వ్యవహారం బయటపడింది. బోయింగ్‌తో ఒప్పందాలు చర్చిస్తూనే అక్కడ ఉద్యోగం మాట్లాడుకున్నందుకు ఆమెకు తొమ్మిది నెలల జైలు శిక్ష పడింది, ఆమెను తీసుకున్న బోయింగ్ ఆర్థికాధికారికీ శిక్ష పడింది. ఈ రెండు వ్యవహారాలనూ కలిపి 2006లో బోయింగ్ 61.5 కోట్ల డాలర్లకు పరిష్కరించుకుంది. తప్పుడు నియామకం వల్ల సాధారణంగా పోయేది జీతం, ఇక్కడ పోయింది గెలిచిన కాంట్రాక్టులే.

భారతదేశంలో టెండర్ విభాగాలు పదవీ విరమణ చేసిన ఇంజినీర్లను, అధికారులను ఇష్టపడతాయి. శాఖ భాష, ఫైలు నడిచే దారి వారికి తెలుసు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-ఏ అధికారులు విరమణ చేసిన ఏడాదిలోపు ప్రైవేటు ఉద్యోగంలో చేరాలంటే ముందస్తు అనుమతి కావాలి. ఆ తర్వాత కూడా తాము రూపొందించిన టెండర్‌కే బిడ్ తయారుచేస్తే వివాదం తప్పదు. పాత స్నేహాల మీద పోటీదారులతో ధరలు మాట్లాడుకునే అలవాటున్నవారిని తెచ్చుకోవడం అంతకన్నా ముప్పు. బిడ్ రిగ్గింగ్‌ను పోటీ చట్టం 2002లోని సెక్షన్ 3 నిషేధిస్తుంది, జరిమానా సంస్థ టర్నోవరు మీద లెక్కిస్తారు. అవినీతికి పాల్పడబోమంటూ పెద్ద టెండర్లలో బిడ్‌తో పాటు సమర్పించే ఇంటెగ్రిటీ ఒప్పందాన్ని ఉల్లంఘిస్తే ధరావతు పోతుంది, కొన్నేళ్లు టెండర్లకు దూరం పెడతారు.

ప్రత్యామ్నాయాలు

బయట దొరకనప్పుడు లోపలివారిని తయారుచేసుకోవడం ఎక్కువ సంస్థలకు నికరమైన దారి. అంచనాల విభాగంలోని ఇంజినీరుకు ధర తెలుసు, రాయడం నేర్పవచ్చు. సంస్థలో ఎవరిని ఎప్పుడు ఎలా అడిగితే పని జరుగుతుందో ముందే తెలిసి ఉండడం బయటివాడికి ఏడాదైనా రాని లాభం. ఏపీఎంపీ ధ్రువపత్రాలు పదజాలం, క్రమం నేర్పుతాయి. జాప్యం చేస్తున్న విభాగాధిపతిని నొప్పించకుండా కదిలించే నేర్పు వాటిలో రాదు.

పాత జవాబులను భద్రపరిచి వెతికి తెచ్చే లూపియో, రెస్పాన్సివ్ వంటి సాఫ్ట్‌వేర్లు, ఇటీవల కృత్రిమ మేధ ఉపకరణాలు, తొలి ముసాయిదాకు పట్టే సమయాన్ని తగ్గించాయి. దానితో కిందిస్థాయి రాతపని తగ్గుతోంది. రేపటి పెద్ద మేనేజర్లు ఇన్నాళ్లూ ఆ రాతపని చేస్తూనే నిబంధనలు చదవడం నేర్చుకున్నారు కాబట్టి, నియామక సమస్య కొంతకాలానికి ఇంకా బిగుసుకునే అవకాశం ఉంది. రెండేళ్లనాటి జవాబులో ఇప్పుడు ఉద్యోగంలో లేని ఇంజినీరు పేరు అలాగే ఉండిపోతే పట్టుకోవాల్సింది ఇప్పటికీ మనిషే.

ఒక్క పెద్ద టెండర్ కోసం రోజు లెక్కన ఫ్రీలాన్స్ బిడ్ మేనేజర్లను పెట్టుకోవడం బ్రిటన్‌లో సాధారణం. భారతదేశంలో ఈ స్థానంలో టెండర్ కన్సల్టెన్సీలు ఉన్నాయి. చిన్న సంస్థలకు జెమ్ నమోదు, డిజిటల్ సంతకం, పత్రాల దాఖలు వరకు ఇవి చేసిపెడతాయి. ఒకే కన్సల్టెన్సీ ఒకే టెండర్‌లో ఇద్దరు పోటీదారులకు పనిచేయడం, ఒకే కంప్యూటర్ నుంచి రెండు బిడ్లు దాఖలు కావడం దర్యాప్తుల్లో కుమ్మక్కుకు ఆనవాలుగా చూస్తారు. అందువల్ల అలాంటి సేవ తీసుకునేవారు ఆ టెండర్‌కు మరెవరికీ పనిచేయబోమన్న హామీని రాతపూర్వకంగా తీసుకుంటారు, దాఖలు మాత్రం తమ కార్యాలయం నుంచి తమ సంతకంతోనే చేస్తారు.